అంజీర్‌కు అన్నీ ఎదురు పనులే చేయండి

జహీరాబాద్‌లో అంజీర్ నాటుతానంటే చుట్టుపక్కల వాళ్ళు చెప్పేది ఒకటే. మంచి నేల చూడు, నిండుగా నీళ్ళు పెట్టు, చలికి కప్పు, కాసే కొమ్మ మీద కత్తెర పెట్టకు. నేను చెప్పేవన్నీ ఇందుకు ఎదురు. తప్పుడు సలహాలని అంటారు, అననివ్వండి.

నల్లరేగడి ఉంటే అది శనగకో జొన్నకో వదిలేయండి. ఎందుకూ కొరగాదని పక్కన పెట్టిన ఎర్ర చెల్కలో, మొరం తేలిన మూలన అంజీర్ పెట్టండి. సున్నపు నేలనూ, కొంత చౌడునూ ఓర్చుకుంటుంది గానీ నిలవ నీటిని ఓర్చుకోదు, వేరు కుళ్ళుతుంది. నర్సరీలో నిగనిగలాడే ఎత్తు మొక్క వద్దు. జనవరిలో జానెడు ముదురు కొమ్మ తెచ్చి గుచ్చండి. పూనా రకం చాలు. స్మిర్నా రకం పేరుకు మురిసిపోకండి. దాని కాయ నిలవాలంటే పుప్పొడి మోసుకొచ్చే ప్రత్యేకమైన చిన్న కందిరీగ కావాలి, పూనాకు ఆ అక్కర లేదు.

ఇక చలి. పక్కనున్న కోహీర్ పేరు చలికాలంలో రాష్ట్రంలోని అతి చల్లని ఊళ్ళ వరసలో పేపర్లో కనిపిస్తూనే ఉంటుంది. అది చదివి చెట్లకు పాలిథిన్ చుడతారు. విప్పేయండి! ఆకు రాల్చిన ముదురు అంజీర్ సున్నా కిందికి పోయినా తట్టుకుంటుంది. మన చలికి చిగురు నెమ్మదిస్తుందే గానీ చెట్టు చావదు. పాలిథిన్ కింద చెమ్మ పడితేనే తెగులు.

భయపడాల్సింది మార్చికి. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్ళతో నేలంతా తెల్లబడింది. మన తోటకూ మర్పల్లికీ ఎంత దూరం? అందుకే తోటంతా ఒకేసారి కత్తిరించి మీఠా బహార్ (ఎండాకాలపు కాపు) పట్టే పద్ధతిని ఇక్కడ చెడగొట్టమంటాను. చెట్లను మూడు పాళ్ళు చేసి అక్టోబర్‌లో ఒకటి, నవంబర్‌లో ఒకటి, డిసెంబర్ చివర ఒకటి కత్తిరించండి. అంతకు ముందు కొన్ని వారాలు నీళ్ళు ఆపండి. ఆకులు వాలిపోతే చూసినవాళ్ళు తిడతారు, అయినా బోరు మోటారు వేయకండి. కత్తెర దగ్గర దయ చూపకండి. ఈ బహార్ కాయ కొత్త రెమ్మ మీదే వస్తుంది, పాత కొమ్మను కాపాడితే మిగిలేది ఆకే. ఒక పాలు వడగళ్ళకు పోయినా రెండు పాళ్ళు చేతికొస్తాయి. కూలి ఎక్కువవుతుంది, నిజమే. వ్యాపారి ఒకే లోడు కావాలంటాడు. ఇవ్వలేనని చెప్పండి.

కోతలో ఇంకా మొండిగా ఉండాలి, ఎందుకంటే అంజీర్ కోశాక తీపెక్కదు. కాయ మెడ వంచి వేలాడాలి, తొక్క మీద సన్నటి గీతలు పడాలి, అడుగున కన్ను దగ్గర తేనెలాంటి బొట్టు ఊరాలి. తుంచగానే తొడిమ నుంచి తెల్లపాలు ధారగా కారితే తొందరపడ్డారన్నమాట. ఆ పాలు వేళ్ళకు అంటితే దురద కూడా. కాయ రంగు తిరిగే రోజుల్లో నీళ్ళు బాగా తగ్గించండి, లేకపోతే పగులుతుంది. ఇంత పండిన కాయను లారీలో హైదరాబాద్ పంపితే గుజ్జే చేరుతుంది. 2016లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన మహారాష్ట్ర పురందర్ అంజీర్‌తో ఆ మార్కెట్లో పోటీ మనకెందుకు? పొద్దున కోసి పొద్దున్నే జహీరాబాద్ అంగట్లో అమ్మండి.

వానలు పట్టాక కాసిన కాయ చప్పన, ఆకుల అడుగున తుప్పు తెగులు పొడి. దానికి మందుల ఖర్చు పెట్టకండి. తెగులాకులు ఏరి కాల్చి, కాయలు పక్షులకు వదిలేయండి.