రద్దీని జయించు శాస్త్రము

క్రిస్మసు పండుగకును నూతన సంవత్సరమునకును నడుమనున్న వారములో, అమెరికాదేశమున బడులన్నియు మూతపడి, ఆఫీసులన్నియు సగము నిద్రలో జోగుచు, బిడ్డలను గన్న తండ్రులకందరికిని ఏకకాలమున సెలవు దొరకి ఏకకాలమున ఒకే సంకల్పము కలుగు ఆ పుణ్యకాలములో, ఫ్లారిడా రాష్ట్రమునందలి ఆర్లాండో సమీపమున గల డిస్నీ వరల్డునకు పోయి, జనసమ్మర్దము ఒంటికి తగులకుండ విహరించి రావచ్చునని బోధించు పండితులు కొందరు మనలో బయలుదేరినారు. డాలసులోగాని ఎడిసనులోగాని తెలుగువారు పదిమంది కూడిన విందులో, పప్పు పళ్ళెములోనికి రాకమునుపే వీరు దొరకుదురు. వీరి సిద్ధాంతము సంగ్రహముగా నిది: రద్దీ యనునది అజ్ఞానులకే గాని ప్లాను గలవానికి లేదు. ఉన్నదానిని లేదనుట మన దేశమునకు క్రొత్త గాదు. కాని శంకరులవారు జగత్తు మిథ్య యన్నప్పుడు దానికి టికెట్టు పెట్టలేదు.

ఈ దీక్ష ఎప్పుడు మొదలగునో వినుడు. ఆ పార్కులలోని పేరుగన్న భోజనశాలలందు బల్ల దొరకవలెనన్నచో అరువది దినములు ముందుగా రిజర్వేషను చేసికొనవలెను. డిసెంబరు 25 నాటి మధ్యాహ్నపు భోజనమునకు అక్టోబరు 26 నాడే ఆకలి కావలెనన్నమాట. అది దీపావళికి అటో యిటో పడును. మన పండితుడు మతాబులు కొనుట మరచినను దీనిని మాత్రము మరువడు. అటుపిమ్మట క్యూను దాటించు ‘లైట్నింగ్ లేన్’ అనుమతుల ఘట్టము వచ్చును. డిస్నీవారి హోటళ్ళలో దిగువారికి ఏడు దినములు ముందుగాను, తక్కినవారికి మూడు దినములు ముందుగాను, ఆర్లాండో గడియారము ప్రకారము ఉదయము 7 గంటలకు ఆ ద్వారము తెరచుకొనును. కాలిఫోర్నియాలో కాపురమున్న తెలుగువానికి అది తెల్లవారుజాము 4 గంటలు. ధనుర్మాసములో ఆ వేళకు లేచుట మన వంశాచారమే గనుక వెరపు లేదు. నాయనమ్మ తిరుప్పావైకి లేచెడిది, మనుమడు యాప్‌నకు లేచుచున్నాడు.

ఆ వేళ ఆ యింటిలోనికి తొంగి చూడదగును. భర్త ల్యాప్‌టాపు ముందు, భార్య ఫోను ముందు, ఎవరి లాగిన్ వారు చేసికొని, కన్నార్పక కూర్చుండియుందురు. ఆరు నెలలుండుటకు వచ్చిన మామగారిని సయితము నిద్రలేపి, మూడవ ఫోను చేతికిచ్చి, “నేను ఇప్పుడు అనేవరకూ దేన్నీ ముట్టుకోకండి మామయ్యా” అని శాసించియుందురు. ప్రక్కన స్ప్రెడ్‌షీటు వెలుగుచుండును. పదునైదు నిమిషములకొక గడి. నిశ్చయమైనదానికి ఆకుపచ్చ, సందేహాస్పదమునకు పసుపు. మరుగుదొడ్డికి 10:45 గంటలకు అవకాశము గలదు. అంతకు ముందు అవసరము పడినవారు కుటుంబద్రోహులు. 12:15కు ‘పులిహోర (నిలుచుండి)’ అని వ్రాసియుండును. బయటి తిండిని లోనికి తీసికొనిపోనిచ్చుట ఆ సంస్థ చేసిన మంచిపని యని ఒప్పుకొనక తప్పదు. గాజుసీసాలు మాత్రము కూడవు గనుక, ఆవకాయ ప్లాస్టిక్కు డబ్బాలోనికి మారియుండును. సంవత్సరమంతయు ఆఫీసులో ఏ రిలీజు ప్లానులతో, ఏ గడువులతో, ఏ రంగురంగుల గడులతో విసిగి, పండుగ దినములలో ప్రోగ్రాములను మార్చరాదను ‘కోడ్ ఫ్రీజ్’ పుణ్యమా యని ఈ వారము సెలవు సంపాదించెనో, ఆ మనుష్యుడే ఆ పనినే జీతము లేకుండ, పైపెచ్చు ఎదురు చెల్లించి, చేయుచుండును. దానికి విశ్రాంతి యని పేరు.

ఇక శాస్త్రములోని మహావాక్యములకు వత్తము. మొదటిది: తలుపులు తెరువకమునుపే ద్వారమున నిలువవలెను. పరిభాషలో దీనిని ‘రోప్ డ్రాప్’ అందురు. ఈ రహస్యము ఎరిగినవారెవరని విచారించితిని గదా, ఎరుగనివాడు ఒక్కడును కనబడలేదు. మ్యాజిక్ కింగ్‌డమ్ అను ఆ ప్రధానోద్యానమునకు కారు నేరుగా పోదు. 1971లో తెరచిననాటి ఏర్పాటు ప్రకారము కారును దూరముగా నిలిపి, నడుమనున్న సరస్సును పడవ మీదనో మోనోరైలు మీదనో దాటి చేరవలెను. కాబట్టి కారు నిలుపుటకొక వరుస, సంచులు సోదా చేయించుకొనుటకొక వరుస, పడవ యెక్కుటకొక వరుస. తెల్లవారకమునుపే ఇన్ని వరుసలలో నిలిచినవారందరును రద్దీని తప్పించుకొనవచ్చిన వివేకులే. రెండవ మహావాక్యము: లోకము కుడికి పోవును గనుక నీవు ఎడమకు పొమ్ము. ఇది ఎంత గుహ్యమైన ఉపదేశమో యనగా, ఎడమవైపున కాలు పెట్టుటకు చోటుండదు. ఇతరులందరును మూఢులైననే ఫలించు ఉపాయమును ఇతరులందరికిని బోధించుట ఈ శాస్త్రమునకున్న విశేష గుణము.

ధనవిషయము మరింత రమణీయము. 2023 క్రిస్మసు వారములో ఆ ఉద్యానమున ఒకనాటి ప్రవేశము 189 డాలర్లు. నట్టనడుమనున్న సిండ్రెల్లా కోట ఎత్తు 189 అడుగులు. అడుగునకొక డాలరు చొప్పున ఇంత న్యాయమైన కొలత వర్తకచరిత్రలో అరుదు. ఆ తరువాత టికెట్టు పెరిగినది, కోట పెరుగలేదు. ఇది లోనికి పోవుటకు మాత్రమే. లోపల నిలువకుండుటకు వేరే మూల్యము. 1999లో ‘ఫాస్ట్‌పాస్’ అను పద్ధతి పెట్టినప్పుడు అది ఉచితము. యంత్రము ఒక కాగితపు చీటీ నిచ్చెడిది, దానిపై వ్రాసిన వేళకు వచ్చి ముందుగా పోవచ్చును. 2021లో దానికి స్వస్తి చెప్పి, ఇంచుమించు ఆ సౌకర్యమునే మనిషికి రోజునకు 15 డాలర్లకు అమ్మనారంభించిరి. 2024లో దాని పేరు మారి, పైన చెప్పిన లైట్నింగ్ లేన్ అనుమతి యైనది. ఆ సంవత్సరమే అక్టోబరులో ‘ప్రీమియర్ పాస్’ అనునది వెలసి, పండుగ దినములందు మనిషికి 449 డాలర్లు పలికినది. ఇందులో ప్రవేశపు టికెట్టు చేరదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇచ్చట కొంచెము నిలువవలసియున్నది. అచ్చటి ఏ వినోదపు బండిలోనైనను గంటకు ఇంతమందికే చోటుండును. రెండు వరుసలు కలియు చోట నిలిచిన ఉద్యోగి, పైకమిచ్చినవారిని గుంపుగా వదలి, ఊరక నిలిచినవారిని నలుగురైదుగురిని వదలును. అనగా ఒకనికి తగ్గిన నిరీక్షణము ఆవిరియైపోదు. ప్రక్కవాని నెత్తిమీద పడును. అట్లు పడినవాడు మరునాడు దానిని వదల్చుకొనుటకు తానును చెల్లించును. క్యూ ఎంత పొడవైన చీటీ అంత ప్రియము. చీటీలెన్ని అమ్ముడుపోయిన క్యూ అంత పొడవు. తానే రోగమును తానే వైద్యమును అయిన ఈ వ్యాపారములో క్యూ తగ్గవలెనని యజమాని యేల కోరును? ప్లాను వేయువాడు తాను యజమానిని జయించితి ననుకొనును. యజమాని లెక్కలో అతడు జయించినవాడు కాడు, రెండుసార్లు కొన్నవాడు.

విచిత్రమేమనగా, ఈ పెద్దమనిషియే తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమును గూర్చియు, శ్రీవాణి ట్రస్టునకు 10,000 రూపాయలు సమర్పించినవారి బ్రేక్ దర్శనమును గూర్చియు మాట వచ్చినప్పుడు, భగవంతుని యెదుట ధనికుడేమి, దరిద్రుడేమి యని గద్గదకంఠుడై ఉపన్యసించును. ఆ యావేశమును నేను తప్పుపట్టను. కాని అదే గొంతుక ఆర్లాండోలో ఎలుకస్వామి సన్నిధిని పలుకదేమి? తిరుమలలో సర్వదర్శనము కంపార్టుమెంటులో నిరీక్షించువానికి అన్నప్రసాదమును, పసిబిడ్డకు పాలును ఉచితముగా వచ్చును. ఆర్లాండోలో నిరీక్షించువానికి వచ్చునది ఫోనులో మరియొక చీటీ ధర.

ఆ నిరీక్షణకు ఫలమేమనిన, 1971 నుండి నడచుచున్న ‘పీటర్ పాన్స్ ఫ్లైట్’ అను విమానక్రీడను చూడుడు. మూడు నిమిషములైనను పట్టదు. మసక చీకటిలో లండను నగరపు దీపములమీదుగా ఒక చిన్న ఓడ తేలిపోవును, అందముగనే యుండును. దానికి పండుగవారములో గంట, గంటన్నర నిలువబడుట సామాన్యము. తెనాలినుండి వచ్చిన ఒక పెద్దాయన దిగివచ్చి ఇంకను కన్నులు నులుముకొనుచుండగనే, కుమారుడు ఫోను చూచి, “నాన్నా, ప్లాన్ చేసుకోబట్టి నలభై నిమిషాలు మిగిల్చాం” అన్నాడు. “మిగిల్చిన నలభై నిమిషాలూ ఎక్కడున్నాయిరా అబ్బాయీ?” అని ఆయన అడిగినాడు. “తర్వాతి క్యూలో ఉన్నాయి నాన్నా, పదండి.”

పండుగకొరకు గదా ఇంత శ్రమ యందురేమో. పండుగ మాటయు విచారింతము. అచ్చట ‘మిక్కీస్ వెరీ మెరీ క్రిస్మస్ పార్టీ’ అను రాత్రివేడుక కలదు. దానికి వేరే టికెట్టు. ఆ రాత్రులందు పగటి టికెట్టువారిని సాయంకాలము 6 గంటలకే సాగనంపుదురు. ఈ క్రిస్మసు విందు నవంబరులోనే ప్రారంభమై, క్రిస్మసునకు కొన్నినాళ్ళు ముందే ముగియును. క్రిస్మసునాడు మాత్రము ఉండదు. అందులో ‘మెయిన్ స్ట్రీట్’ వీథిపై మంచు కురియును. చొక్కాతో తిరుగదగిన వాతావరణములో మంచు ఎట్లు కురిసెనని విస్మయపడనక్కరలేదు, అది సబ్బునురుగు. న్యూజెర్సీనుండి, షికాగోనుండి, నిజమైన మంచును ఇంటిముంగిట పారతో ఎత్తిపోయలేక విసిగి పారివచ్చినవారు, ఆ నురుగు క్రింద బిడ్డల నిలువబెట్టి ఫొటోలు తీసికొందురు.

దీనికంటె రసవత్తరమైన కథ దీపములది. ఆర్కన్సా రాష్ట్రపు లిటిల్ రాక్ నగరములో జెన్నింగ్స్ ఆస్‌బోర్న్ అను ధనికుడొకడు, కూతురు ముచ్చటపడినదని 1986లో తన యింటికి క్రిస్మసు దీపములు కట్టించెను. అవి ఏటేట పెరిగి లక్షలకు లక్షలై, ప్రక్కయిండ్లను సయితము కొని వానికిని తగిలింపబడి, చూడవచ్చు వాహనములతో వీథి స్తంభించిపోగా, పొరుగువారు ఇల్లు కదలలేక న్యాయస్థానమునకెక్కి, రాష్ట్రపు సుప్రీంకోర్టుదాక పోరాడి ఆర్పించిరి. అప్పుడు డిస్నీవారు ఆ దీపములను పిలిపించుకొని 1995లో తమ స్టూడియోల పార్కులో వెలిగించిరి. ఏ రద్దీ దుర్భరమని లిటిల్ రాక్ వాసులు వ్యాజ్యమాడిరో, అట్టి రద్దీలో నిలువబడుటకు జనులు విమానమెక్కి, టికెట్టు కొని వచ్చి, రెప్పవేయక చూచిరి. 2016 జనవరిలో ఆ ప్రదర్శనము ముగించినప్పుడు కన్నీరు పెట్టినవారును కలరు. తమకు వాకిటిముందు ఉచితముగా దొరకిన భాగ్యమెంతటిదో పాపము ఆ పొరుగువారు గ్రహింపలేకపోయిరి.

ఇంతమాత్రమున ఆ ఉద్యానము మోసమని నేననను. వీథిలోని మేడల పై అంతస్తులను క్రింది అంతస్తులకంటె చిన్నవిగ కట్టి, కన్నును భ్రమింపజేసి ఎత్తుగ కనబడునట్లు చేసిన నేర్పు శిల్పులు మెచ్చదగినది. ఒక కాలపు వేషము ధరించినవాడు మరియొక కాలపు వీథిలో కంటబడి రసభంగము చేయకుండ, నేలక్రిందివని మనము భ్రమపడు నడవలను నేలమీదనే కట్టి, ఉద్యానమునంతటిని వానిపై నిలిపినారు. పదిమంది నటులకు తెరచాటు చూపలేని మన నాటకసమాజములు దానిని చూచి నేర్చుకొనవలసినదెంతయో కలదు. పిల్లవాడు మిక్కీని చూచి కేరింతలు కొట్టినచో ఆ కేరింత అబద్ధము కాదు. క్రిస్మసు వారములో తప్ప సెలవు దొరకనివాడు ఆ వారములోనే పోవుగాక, పోయి అందరితోపాటు నిలుచుగాక. దానికి శాస్త్రమక్కరలేదు, మెత్తని చెప్పులు చాలును. నా వివాదమంతయు, లక్షమంది ఒకేచోటికి బయలుదేరిన దినమున తాను మాత్రము ఏకాంతముగ పోయివత్తునని నమ్మి, నమ్మినది చాలక ఇతరులను నమ్మించుటకు పూనుకొన్న ఆ పట్టికాధరులతోనే.

వారిలో ఒకనిని జనవరి మొదటి వారములో కలిసితిని. పాదములు వాచియున్నవి, భార్య మాటలాడుట లేదు, మామగారు తిరుగు ప్రయాణపు తేదీని ముందుకు జరుపుమని అడిగినారట. అయినను యాత్ర దిగ్విజయమైనదని అతడు సెలవిచ్చినాడు. ఎచ్చట లోపము జరిగినదో కూడ కనిపెట్టినాడు: బయలుదేరుట అరగంట ఆలస్యమైనది. వచ్చే క్రిస్మసునకు ఆ అరగంటను సవరించి, క్రొత్త పట్టిక అప్పుడే సిద్ధపరచినాడు. ఇది ఎవరికిని పంపవద్దు, నలుగురికి తెలిసిన పనికిరాదు అని పైన ఎఱ్ఱయక్షరములతో వ్రాసి, వాట్సాప్‌లో తన ఊరి తెలుగువారి గుంపునకు, పూర్వవిద్యార్థుల గుంపునకు, మా అపార్టుమెంటు గుంపునకు అప్పుడే పంపించియున్నాడు.