అడుగున్నర ఎత్తులో నా కాపురం

నేను గ్యాస్ డిటెక్టర్‌ని. మండే గ్యాసు గాలిలో కలిస్తే పసిగట్టి కేక వేయడం నా పని. విశాఖ శివార్లలోని ఒక కర్మాగారంలో, కొలిమికి ఎల్పీజీ పంపే పంపుల షెడ్డులో ఉంటాను.

నా ప్రాణమంతా ఆవగింజలంత ఉన్న రెండు పూసల్లో ఉంది. వాటి లోపల ప్లాటినం తీగ చుట్ట. కరెంటు పారితే సుమారు 500 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. గ్యాసు తగిలితే ఒక పూస మీద అది మండి, తీగ ఇంకా కాగుతుంది. రెండో పూస మీద మండదు. ఆ రెండింటి తేడాయే నా మాట. లోపలి మంట బయటికి పాకకుండా నా మూతికి సన్నని రంధ్రాల లోహపు బిళ్ళ ఉంటుంది.

గాలిలో ఎల్పీజీ సుమారు 2 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ హద్దును 100 అనుకుంటే, 20 దగ్గర నా మొదటి కేక. 40 దగ్గర రెండోది. దాంతో పంపు ఆగి, వాల్వు మూసుకుపోవాలి.

మొదట నన్ను మనిషి తల ఎత్తున స్తంభానికి బిగించారు. కేబుల్ ట్రే దగ్గర, అంకెలు చదవడం సులువు అనుకున్నారు. గ్యాసు ఏ దారిన వస్తుందో ఎవరూ ఆలోచించలేదు.

ఒక తెల్లవారుజామున పంపు సీలు కారింది. తెల్లని మంచులా గ్యాసు నేలను అంటుకుని పాకుతూ కేబుల్ కాలువలోకి దిగుతోంది. ఎల్పీజీలోని ప్రొపేన్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. అది పైకి లేవదు. నా అంకె సున్నా దగ్గరే ఉంది. కాళ్ళకు చలి తగిలిన హెల్పరు ఒకడు కేకలు పెట్టి పంపు ఆపించాడు కాబట్టి సరిపోయింది.

తెల్లారాక ఇన్‌స్ట్రుమెంట్ మాస్టారు వచ్చారు.

"డిటెక్టరు పాడైపోయిందాండీ?" అన్నాడు వెంట వచ్చిన కుర్రాడు.

"లేదురా. దాని దగ్గరికి గ్యాసే రాలేదు. రాని చోట కూర్చోబెట్టింది మనం."

1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం విశాఖ రిఫైనరీలో కారిన ఎల్పీజీ అంటుకుని 50 మందికి పైగా చనిపోయారు. ఆ పొగను మాస్టారు తన ఇంటి డాబా మీంచి చూశారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారింది.

ఆయన కర్ర చివర దూది పోగు కట్టి, పంపు పక్కన నేల మీద కూర్చున్నారు. దూది ఎటు ఊగుతోందో చూసి సుద్దముక్కతో గీతలు గీశారు. మధ్యాహ్నం సముద్రం గాలికి ఒకసారి, రాత్రి నేల గాలికి ఒకసారి చూశారు. రెండు వేళలా గీతలు కలిసిన మూలలో, నేలకు అడుగున్నర ఎత్తున, మూతి కిందికి ఉండేలా నన్ను బిగించారు. ఇంకా కిందికైతే షెడ్డు కడిగిన నీళ్ళు చిందుతాయి. వాకిలి దగ్గరైతే గాలివాటుకు గ్యాసు పలచబడిపోతుంది. సహజవాయువుతో నడిచే బాయిలరు దగ్గర మా వాడిని మాత్రం పైకప్పు కిందే ఉంచారు. సహజవాయువులోని మీథేన్ బరువు గాలిలో సగానికి కాస్త ఎక్కువ, అది పైకే పోతుంది.

పక్క షెడ్డులోని నా తమ్ముడి కథ వేరు. ఎవరో దగ్గర్లో సిలికోన్ స్ప్రే కొట్టారు. పూస మీద గ్యాసును మండించే పూత చచ్చిపోయింది. తీగ తెగితే కంట్రోల్ రూముకు వెంటనే తెలుస్తుంది. పూస చస్తే తెలియదు. గ్యాసు లేనప్పటి 4 మిల్లీ ఆంపియర్లే పంపుతూ ఉంటాడు. పరీక్ష గ్యాసు మూతి మీద వదిలినప్పుడే వాడు మూగవాడయ్యాడని బయటపడింది. అందుకే నా అంకె సున్నాగా ఉందని నమ్మకండి, గ్యాసు చూపించి అడగండి.

ఈ వానాకాలం ఒక రాత్రి ఫ్లాంజి కారింది. 6, 11, 17... 20 దగ్గర కేక వేశాను. 40కి వాల్వు మూసుకుంది. తెల్లారి షిఫ్టు వాళ్ళు ఎప్పటిలాగే టీ తాగారు.

మాస్టారు రిటైరయ్యారు. ఇప్పుడు ఆ కుర్రాడే నా సంరక్షకుడు. కొత్త డిటెక్టరు వచ్చిందంటే డ్రిల్లు జోలికి ముందు పోడు. కర్రకు దూది కట్టుకుని నేల మీద కూర్చుంటాడు.