పచ్చళ్ల కంపెనీ పంచాంగం

గోదావరి జిల్లాల్లో ఓ పచ్చళ్ల కంపెనీకి వెబ్‌సైట్ ఉంది. ఉంటే సరిపోదట, అందులో వారం వారం ఏదో ఒకటి రాస్తూ ఉండాలట. దాన్ని కంటెంట్ మార్కెటింగ్ అంటారని మాదాపూర్ నుంచి దిగిన కన్సల్టెంటు కుర్రాడు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, లాప్‌టాప్ తెరిచి ఏడాది మొత్తానికీ షెడ్యూలు గీసేశాడు. వారానికి మూడు చొప్పున 156 గడులు. వెలువడితే ఆకుపచ్చ, రాస్తూ ఉంటే పసుపు, ఆలస్యమైతే ఎరుపు. తేదీ, శీర్షిక, కీవర్డ్, బొమ్మ, అప్రూవల్, స్టేటస్ అని దేనికి దానికి ఓ వరస పెట్టాడు. రాసేదెవరు అన్న చోట మాత్రం పైనుంచి కిందిదాకా ‘టీమ్’ అని ఉంది. ఆ కంపెనీలో టీమ్ అంటే ఒక అకౌంటెంటు, ప్యాకింగ్ ఆడవాళ్లు, యజమానిగారి బావమరిది.

అయినా 2025 జనవరి దివ్యంగా గడిచింది. ఆ నెలకి దేవుడే కంటెంట్ రైటరు. కొత్త సంవత్సరం, భోగి, సంక్రాంతి, కనుమ. భోగి మంట పక్కన జాడీ, గంగిరెద్దు పక్కన జాడీ, గొబ్బెమ్మ మధ్యలో జాడీ. గడులన్నీ పచ్చగా కళకళలాడాయి. ఫిబ్రవరి 14న ‘ప్రేమైనా ఆవకాయైనా ఊరితేనే రుచి’ అన్నారు. ఆ తర్వాత పండగలు పలచబడ్డాయి. పండగ లేని వారం ఏం రాయాలో ఎవరికీ తోచలేదు. శుభాకాంక్షలు తప్ప చెప్పే మాట లేని వ్యాపారికి ఫాల్గుణ మాసం ఎంత పొడుగో అప్పుడు తెలిసింది.

షీటులో ఆవకాయ వ్యాసం ఉంది. మే 15న. పచ్చడి కాయ ఏప్రిల్ చివరికల్లా బజారుకొస్తుంది, మే నెలంతా ఇంటింటా జాడీలు ఎండబెట్టుకుంటారు. ఇవాళ వేసిన పేజీని గూగుల్ చూసి, గుర్తుపెట్టుకుని, జనానికి చూపించడానికి వారాలూ నెలలూ కూడా పట్టొచ్చు. అంటే సంక్రాంతి సెలవులు అవగానే రాసి పెట్టుకోవాల్సిన వ్యాసం అది. కీవర్డ్ గడి నింపిన కుర్రాడికి ఈ లెక్క తెలుసు. కాయ ఎప్పుడొస్తుందో తెలియదు. కాయ సంగతి తెలిసినవాళ్లని ఎవరూ అడగలేదు.

పోనీ మే 15నైనా వచ్చిందా? వ్యాసం వాట్సాప్‌లో యజమానిగారికి వెళ్లింది. ఆయన ‘చూసి చెప్తా’ అన్నారు. తెలుగుదేశంలో ఏ షెడ్యూలు ప్రాణమైనా ఈ రెండు మాటల్లోనే పోతుంది. పెళ్లిళ్లు వచ్చాయి, తిరుపతి వెళ్లొచ్చారు, జీఎస్టీ వాడు నోటీసిచ్చాడు. తొలకరి పడి, చెట్టు మీద మిగిలిన కాయ కూడా పండిపోయాక, జులైలో బొటనవేలు గుర్తు పంపారు. ఇంత చూసినా ఆయన చదవలేదని వెలువడ్డాక తేలింది. ఆ వ్యాసం రాసింది కృత్రిమ మేధ. ‘బాగా పండిన మామిడిపళ్లు తీసుకుని’ అని మొదలుపెట్టి, ‘చివర్లో కొత్తిమీర చల్లి వేడివేడిగా వడ్డించండి’ అని ముగించింది. గడి మాత్రం ఆకుపచ్చే.

రెండో ఏడు పని ఇంకా సులువైంది. పాత షీటు కాపీ కొట్టి, పాత వ్యాసాల శీర్షికల్లో 2025 తీసి 2026 పెట్టారు. సరుకు మార్చకుండా తేదీ మార్చి తాజాదనిపిస్తున్నారా అని గూగుల్ వెబ్‌సైట్లవాళ్లకిచ్చే ప్రశ్నావళిలో సూటిగానే అడుగుతుంది. జనం కోసం రాసినదాన్నే ముందుకు తెస్తామని 2022 ఆగస్టులో ప్రకటించింది కూడా. ఎవరు చదివారు గనక! ఈ హడావుడిలో ఉగాది గడి మార్చడం మరిచారు. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. 2026లో మార్చి 19నే వచ్చి వెళ్లిపోయింది. షెడ్యూలింగ్ టూలుకి చాంద్రమానం తెలియదు. మార్చి 30 పొద్దున్నే ఆరింటికి నమ్మకంగా ఉగాది శుభాకాంక్షలు వదిలింది. ‘ఏమండీ, ఈ ఉగాది పచ్చడి పదకొండు రోజులు ఊరబెట్టారా?’ అని ఓ కస్టమరు అడిగాడు. రెండేళ్లలో ఆ వెబ్‌సైట్ వల్ల పుట్టిన అసలైన చర్చ అదొక్కటే.

‘కంటెంట్ మార్కెటింగ్ లేటెస్ట్ ట్రెండ్ సార్’ అన్నాడు కుర్రాడు మొదటి రోజు. ట్రాక్టర్ల జాన్ డీర్ కంపెనీ రైతుల కోసం పత్రిక మొదలెట్టింది 1895లో. టైర్లమ్మే మిష్లిన్ వాళ్లు దారి చూపించే గైడు వేసింది 1900లో. మనవాళ్లేం తక్కువ తినలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టి, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక స్థాపించారు. చేతిలో తలనొప్పి మందుంది గనక తలనొప్పి మీదే వారానికి మూడు వ్యాసాలు వేయించి ఉండొచ్చు. ఆ పని చెయ్యలేదు. ఆయన ఉగాది సంచికల్ని జనం దాచుకున్నారు. మందు సీసా మీద పేరు ఎలాగూ ఉంది.

కంపెనీలో ఫోనెత్తేది ప్యాకింగ్ దగ్గరుండే పెద్దావిడ. ఆవపిండి, కారం కూడా అమ్ముతారు గనక, ఆ రెండూ కొనుక్కుని ఇంట్లో ఆవకాయ కలుపుకునేవాళ్లు వేసవంతా ఆమెకే ఫోను చేస్తారు. మొన్న డాలస్ నుంచి ఓ అమ్మాయి, పైన తెల్లగా బూజులా కడుతోందని. ‘ముక్కలు తుడిచావా, తడితోనే వేశావా? మూడో రోజు తిరగ కలిపినప్పుడు నూనె పైకి తేలిందా? తేలకపోతే ఇంకాస్త పప్పునూనె పొయ్యాలి తల్లీ, ముక్క పైకి కనిపించకూడదు. ఉప్పు తగ్గిందేమో కూడా చూసుకో. బూజు పట్టింది మాత్రం తినకు, పారేసి మళ్లీ కలుపుకో.’ రెండు నిమిషాలు. ఇది అలాగే దింపి, మామిడి పూత రాకముందే వెబ్‌సైట్లో పెడితే చాలు. ఫోనుకి వచ్చే ప్రశ్నలు పక్కన రాసుకుని పదిహేను రోజులకొకటి వేసుకుంటే, పండగలూ పూనకాలూ లేకుండా ఏడాది గడిచిపోతుంది. ‘టీమ్’ అన్నచోట ఓ మనిషి పేరు, అప్రూవల్‌కి రెండు రోజుల గడువు, అంతకు మించి షెడ్యూలుకి కావాల్సిందేమీ లేదు.

ఇదే మాట యజమానిగారితో అన్నాను. ‘బాగుందండీ, చూసి చెప్తా’ అన్నారు.

మొన్న సమీక్షా సమావేశం జరిగింది. షెడ్యూలు నిలబడకపోవడానికి కారణం షీటు పాతబడటమేనని తేల్చారు. నెలనెలా అద్దె కట్టే కొత్త యాప్ కొన్నారు. అందులో గడులు వాటంతటవే రంగు మారతాయి. నా మాట కొట్టెయ్యలేదు లెండి, 2027 షెడ్యూల్లో పెద్దావిడకీ చోటిచ్చారు. మార్చి 8న, మహిళా దినోత్సవం గడిలో, ఫొటోకి. ఆ రోజు డిస్పాచ్ ఎక్కువగా ఉంటుంది గనక ఫొటో భోజనాల వేళ తియ్యాలని పక్కనే నోట్ పెట్టారు.