నేరమంతా లడ్డూదే

రక్తపరీక్షలో షుగర్ అంకె పెరిగిందని తేలగానే మన ఇళ్లలో తొలి ముద్దాయి లడ్డూ. వెంటనే మిగతా అరెస్టులు: సున్నుండ, తాపేశ్వరం కాజా, బందరు హల్వా, చివరికి బెల్లం ఆవకాయ కూడా. అన్నానికి గృహనిర్బంధం, మామిడిపండుకు దేశబహిష్కారం. ఇంత పకడ్బందీగా దర్యాప్తు నడుస్తుంటే అసలు నిందితుల్లో ఒకడు మాత్రం ఇంటాయన చొక్కా జేబులో, సరిగ్గా గుండెకు ఆనుకుని, దర్జాగా పడుకుని ఉంటాడు.

వాడి మీద ఛార్జిషీటు కొత్తదేం కాదు. టైప్ 2 మధుమేహానికి సిగరెట్టూ ఒక కారణమేనని 2014లోనే అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చేసింది. తాగనివాళ్లకంటే తాగేవాళ్లకు ముప్పు 30 నుంచి 40 శాతం ఎక్కువట. పెట్టెలు పెరిగినకొద్దీ ముప్పూ పెరుగుతుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. అయినా జేబులోవాడి మీద ఎవరికీ అనుమానం రాదు. వాడు తియ్యగా ఉండడు కదా!

ప్యాకెట్టు మీద 85 శాతం జాగా హెచ్చరికకే ఇచ్చాంగా అంటారా? ఇచ్చారు. అక్కడ బొమ్మకు నోరో గొంతో కావాలి. కిమ్మనకుండా చెడిపోయే క్లోమగ్రంథిని ఫొటో తీస్తే ఎవడు జడుసుకుంటాడు?

నికోటిన్ పనితనం చూడండి. ఇన్సులిన్ వచ్చి ఎంత పిలిచినా కండరాలు పలక్కుండా చేస్తుంది. ఒత్తిడి హార్మోన్లను ఎగదోస్తుంది. కొవ్వును తెచ్చి పొట్ట చుట్టూ పేరుస్తుంది. కాళ్లూ చేతులూ పుల్లలు, మధ్యలో బొజ్జ. "నేను సన్నగానే ఉన్నాగా" అని వాదించే పొగరాయుళ్లు ఓసారి బెల్టుకు కొత్తగా పొడిపించిన చిల్లులు లెక్కపెట్టుకోవచ్చు.

వీళ్లలో మేధావులు వేరు. "మానేస్తే ఒళ్లొస్తుంది, ఒళ్లొస్తే షుగరొస్తుంది, ఆరోగ్యం కోసమే తాగుతున్నా" అంటారు. ఎంత త్యాగం! ఇందులో సగం నిజముంది. మానేసిన తొలి కొన్నేళ్లు బరువు పెరిగి ముప్పు కాస్త ఎక్కువ కావచ్చు, ఆ తర్వాత దిగిపోతుంది. మొదటి సగం కంఠతా వచ్చిన ఈ పండితులకు రెండో సగం సిలబస్‌లో ఉండదు.

సర్కారువారి సంగతి సరేసరి. ఢిల్లీలో ఆరోగ్యశాఖ హెచ్చరిక బొమ్మలు ఎంపిక చేస్తుంటుంది, వాణిజ్యశాఖ కింద మన గుంటూరులో పొగాకు బోర్డు ఎగుమతులు పెంచే పనిలో ఉంటుంది.

అందరికంటే ముందుచూపు మాత్రం ఐటీసీది. గోల్డ్‌ఫ్లేక్ అమ్మే ఆ సంస్థే చక్కెర నెమ్మదిగా విడుదలయ్యే ప్రత్యేక గోధుమపిండిని కూడా తెచ్చింది. పిండి పేరు ఆశీర్వాద్. రోగానికి ముందూ తర్వాతా ఖాతాదారుణ్ణి వదలకూడదన్న ఈ నిబద్ధత ఏ పెళ్లి మంత్రంలోనూ కనబడదు. ఆ కంపెనీలో దాదాపు 15 శాతం వాటా ఎల్ఐసీది. సిగరెట్టు తాగుతారా, అయితే టర్మ్ పాలసీకి ప్రీమియం ఎక్కువ కట్టండి అంటుంది ఇటు. అదే సిగరెట్టు మీద డివిడెండు పుచ్చుకుంటుంది అటు. పాలసీదారులం కాబట్టి అందులో మనకూ ఇంత బోనస్ ముడుతుంది. పక్కింటాయన దగ్గుతుంటే కాస్త గౌరవంగా వినండి.