సగటు మనిషికి సెల్టోస్

దేశాల మధ్య ఆదాయాల తేడా కొలవడానికి ఆర్థికవేత్తలు పనిగట్టుకుని విమానాలెక్కుతుంటారు. హిందూపురంలో రైలెక్కి ధర్మవరంలో దిగితే చాలు. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్లో, పట్టుచీర ధర్మవరం మగ్గం మీద, మధ్యలో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కొరియా. మూడూ ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోవే కనుక అందరి ఆదాయమూ కూడి, జనాభాతో భాగించి, అందరూ బాగుపడ్డారని తేల్చేయొచ్చు. ఆ సగటు మనిషి ఏ వీధిలో కాపురముంటాడో మాత్రం అడక్కూడదు.

2019 డిసెంబరు మన అభివృద్ధి చరిత్రలో ఘనమైన నెల. 5వ తేదీన అప్పటి ముఖ్యమంత్రి ఎర్రమంచిలో ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల కొరియా కంపెనీ కియా ఫ్యాక్టరీ ప్రారంభించారు. 21న ఆయనే ధర్మవరం వచ్చి, సొంత మగ్గమున్న నేతన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలిచ్చే పథకం ప్రారంభించారు. అక్కడ పరిశ్రమ, ఇక్కడ పరామర్శ. ఆ ఏడాది ఆగస్టులో విడుదలైన కియా కారు సెల్టోస్ ప్రారంభ ధర 9.69 లక్షలు. నేతన్న ఆ సాయంలో పైసా ముట్టకుండా నలభై ఏళ్లు దాచుకుంటే 9.60 లక్షలు. మిగతా తొమ్మిది వేలు ఎవరైనా చేబదులిస్తే కారు వాకిట్లోకి వచ్చేసేది. ఖర్మ, పథకం ఐదు విడతలకే అలిసిపోయింది.

పేదరికానికి మందు మానవ మూలధనం, అంటే చదువూ నైపుణ్యమూ అంటారు పండితులు. నిజమే. వేల పోగుల్లో తెగిన ఒక్క పోగును వేలికొసతో పట్టి ముడేసే తండ్రికి ఉన్నది కులవృత్తి. ఆర్నెల్ల సర్టిఫికెట్టు తెచ్చుకున్న కొడుక్కి ఉన్నది నైపుణ్యం. తండ్రి దగ్గర లేనిది పనితనం కాదు, కాగితం.

కొరియాను చూసి నేర్చుకోమంటారు. 1950ల నాటి ఆ బీద దేశం ముందు దున్నేవాడికి భూమి పంచింది, పిల్లలను బడికి పంపింది, ఆ తర్వాత కార్లు చేసింది. మనం అంత తీరిక లేనివాళ్లం. మొదటి రెండు మెట్లూ వదిలేసి నేరుగా కారెక్కాం. పైగా భూమి విషయంలో తిరగేసి నేర్చుకున్నాం: లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో హిందూపురం పక్కన 8,844 ఎకరాలు సేకరించాం. భూమి పోయింది, నాలెడ్జ్ రాలేదు.

అయినా నిరాశ వద్దు. అభివృద్ధి తొలినాళ్లలో అసమానత పెరిగి, పోనుపోను తగ్గుతుందని 1955లోనే సైమన్ కుజ్నెట్స్ అన్నాడు. కనుక ధర్మవరం నేతన్నలు ఓపిక పట్టాలి. ఈలోగా ముడిపట్టు బాకీకి షావుకారు గుమ్మమెక్కితే ఆ కుజ్నెట్స్ గీత చూపించి వాయిదా అడగాలి. ఆయన ఒప్పుకుంటే సిద్ధాంతం రుజువైనట్టే.