మునగడానికెంత లోతు?

పున్నమి రాత్రి, వైరా రిజర్వాయర్ కట్ట. మా తమ్ముడి చెవుల్లో బీథోవెన్ పియానో, ‘మూన్‌లైట్ సొనాటా’. “1801లో రాశాడన్నా. ‘వెన్నెల’ పేరు మాత్రం ఆయన పోయాక ఎవరో తగిలించిందే!” అన్నాడు. ఆ వెంటనే చైనా కవి లీ బాయ్ కథ: తాగిన మైకంలో, ఏట్లో చందమామను కావలించుకోబోయి మునిగిపోయాడట.

“మరి పైన చందమామను చూడరా!” అన్నాను.

“ఆగన్నా, జోన్ మూసుకొస్తోంది!”

చేతిలో ఫోన్, అందులో బీజీఎంఐ ఆట. పక్కన పొట్లంలో చేప వేపుడు చల్లారింది. చంద్రుడు చూసి చూసి మబ్బు చాటుకెళ్లాడు. వీడు తలెత్తితే ఒట్టు!

పాపం, లీ బాయ్‌కి మునగడానికి ఏరు కావాల్సొచ్చింది. మావాడికి ఆరంగుళాల తెర చాలు!