తవ్వెడు బియ్యం, మూడు విజిల్స్

1931లో విజయనగరం లైను పూర్తయ్యాక, సిక్కోలు వైపు నుంచి చింతపండు మూటా ఆవకాయ జాడీ పట్టుకుని రాయపూర్ రైలెక్కిన వాళ్ల మనవణ్ని నేను. మా రైల్వే క్వార్టరు వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాడు గుమ్మంలో ఉండాల్సిందే. అయినా పిల్లలందరికీ అక్కడ ఏదో ఒక పని ఉండేది. ఇప్పుడు మా అబ్బాయి ఫ్లాటు వంటింట్లో కబడ్డీ ఆడొచ్చు. పిల్లలకు మాత్రం ప్రవేశం దాదాపు లేదు. చదువు పాడవుతుందట!

మా రోజుల్లో చేటలో బియ్యం పోసి ముందు పెట్టేవారు. వడ్లూ రాళ్లూ ఏరుతూ ఉండగానే నూకేదో గింజేదో తెలిసేది. పాతబియ్యం నీళ్లు ఎక్కువ తాగుతాయని, కొత్తబియ్యం ముద్దవుతాయని కూడా అక్కడే తెలిసింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఈ ఎక్కం బడికంటే ముందు వంటింట్లోనే వచ్చేసింది. ఇప్పుడంతా ఒకటే మంత్రం: కప్పుకి రెండు కప్పుల నీళ్లు, మూడు విజిల్స్. మా రాయపూర్‌లోనే ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం 20 వేలకు పైగా వరి రకాల విత్తనాలు భద్రపరిచింది. మా మనవడికి తెలిసినవి రెండే: వైట్ రైస్, బిరియానీ రైస్.

ఎసరు కాగిందో లేదో అప్పట్లో చప్పుడే చెప్పేది. కూర మగ్గిందని ముక్కు, అన్నం పలుకుగా ఉందని వేళ్లు చెప్పేవి. మొన్న మా మనవరాలు ఫోన్లో చూస్తూ బంగాళాదుంపలు వేయిస్తోంది. "మాడు వాసనొస్తోందే తల్లీ" అన్నాను. "ఇంకా రెండు నిమిషాలు ఉంది తాతయ్యా" అంది!

పోపు అంటే తెల్లమొహం వేస్తుంది, తడ్కా అంటే తెలుసు. సరే, హిందీ ఊరు కదా అనుకుందామంటే గోంగూరను ఇక్కడివాళ్లు అమారీ భాజీ అంటారనీ తెలీదు. మా అమ్మకు రెండూ వచ్చు. పొరుగింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ దగ్గర చీలా నేర్చుకుని, ఆవిడకు పెసరట్టు నేర్పింది. వాళ్ల బోరే బాసీ మన చద్దన్నానికి అక్కాచెల్లెళ్ల వరస. 2022 మేడే నాడు బోరే బాసీ తినండని అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపిస్తే, మా ఇంట్లో అందరూ గిన్నెలతో ఫొటోలు దిగారు. మర్నాడు మిగిలిన అన్నం చెత్తబుట్టలోకి పోయింది.

చిన్న మనవరాలికి బడిలో ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పప్పులు పొయ్యడం నేర్పుతున్నారు. మాంటిస్సోరీ పద్ధతట. 1939లో మద్రాసొచ్చి అడయారులో టీచర్లకు పాఠాలు చెప్పిన మాంటిస్సోరీ గారి మీద నాకు కోపం లేదు. పిల్లల చేతికి నిజమైన పని ఇవ్వమనే కదా ఆవిడ చెప్పింది! ఇంట్లో ఊరికే దొరికే పనిని ఫీజు కట్టి బయట నేర్పించడమే నాకు మింగుడుపడడం లేదు.

మా రోజులన్నీ బంగారం కాదు లెండి. చాకిరీ ఆడపిల్లలకు, వడ్డన మగపిల్లలకు అన్నదే చాలా ఇళ్లలో ధర్మం. మా ఇంట్లో అందరం మగపిల్లలమే కాబట్టి అమ్మ ఆ ధర్మాన్ని అటకెక్కించింది. ఇప్పుడు మగపిల్లాడు గరిటె పట్టినా ఎవరూ నవ్వరు. మరి పట్టరేం? కోచింగుకని హాస్టల్లో చేరిన పెద్ద మనవడు జ్వరమొస్తే గంజి ఎలా కాచుకోవాలని అర్ధరాత్రి ఫోను చేశాడు. లెక్కల్లో మాత్రం వాడికి తిరుగులేదు!

అందుకే నా మాట వినండి. ఆదివారం పూట పిల్లల దగ్గర ఆ ఫోను లాక్కుని చేతికి గరిటె ఇవ్వండి. మాడిస్తే మాడించనివ్వండి, ఒక పూట మాడన్నం తిన్నంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు. కానీ గిన్నె మాత్రం వాళ్లచేతే తోమించండి. అడుగంటడం అంటే ఏమిటో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.